మందులు దంచిన నాంచారవ్వ

ఊ కొట్టండి, చెబుతా. ఏ రాజు ఏలాడో ఎవరికీ గుర్తులేని కాలం. గుట్ట కింద ఒక వైద్యుల బడి ఉండేది. అందులో ముగ్గురు గురువులు, అటక నిండా తాళపత్రాలు. అయినా మనిషి లోపల ఏముందో కళ్లారా చూసినవాడు ఒక్కడూ లేడు.

ఆ బడిలో మందులు దంచే మనిషి నాంచారవ్వ. ఆమెకు ఒక్కతే కూతురు, రాజవ్వ. తొలి కాన్పులో బిడ్డ అడ్డం తిరిగింది.

అవ్వ పెద్ద గురువును పిలుచుకొచ్చింది. "లోపల ఏమైందయ్యా?"

"తెలియదమ్మా."

రెండో గురువును పిలుచుకొచ్చింది. "లోపల ఏమైందయ్యా?"

"తెలియదమ్మా."

మూడో గురువు సోమయ్య. ఆయన తల వంచుకున్నాడు. పొద్దు వాలకముందే తల్లీ పోయింది, బిడ్డా పోయింది. అల్లుడు పోశెట్టి గడపలో కూలబడ్డాడు.

ఏళ్లు గడిచాయి. అవ్వ మంచాన పడింది. సోమయ్యను పిలిచింది.

"అయ్యా, నేను పోయినంక నన్ను కోసి సూడు. నీ శిష్యులకు సూపెట్టు. ఆ తర్వాతనే మట్టిల పెట్టు."

"ఊరు ఒప్పుకోదవ్వా."

"ఊరు నా బిడ్డను బతికిచ్చిందా?"

సోమయ్య ఆమె చేతిలో చేయి వేశాడు.

అవ్వ పోయిన రోజే, బడిలో ఆమెను కోస్తారన్న వార్త పొక్కింది. ఊరంతా కర్రలు పట్టుకుని వచ్చింది. కులపెద్ద బడి తలుపు బాదాడు. "శవాన్నియ్యి!" లోపల శిష్యులు గోడకు అంటుకుపోయారు. మళ్లీ బాదాడు. "శవాన్నియ్యి! దయ్యమై ఊరి మీద పడతది!" మూడో దెబ్బకు గడియ విరిగింది.

సోమయ్య గడపకు అడ్డం నిలబడ్డాడు. "ఇది అవ్వ అడిగిన మాట. చేయకుండా ఉండలేను."

"శవం అయినవాళ్లది. నీదెట్లయితది?" అన్నాడు కులపెద్ద.

అందరూ పోశెట్టి వైపు తిరిగారు. అవ్వకు మిగిలింది అతనొక్కడే. చేతిలో దుడ్డుకర్ర. గడప దాకా నడిచి వచ్చాడు. దెబ్బ పడుతుందని సోమయ్య కళ్లు మూసుకున్నాడు.

పోశెట్టి వెనక్కి తిరిగాడు. ఊరికి ఎదురుగా నిలబడ్డాడు.

"నా పెండ్లాం పోయిననాడు ఈ అయ్య తల వంచుకున్నడు. ఇంకో ఇంట్ల వంచుకోవద్దు. సదువుకోనీండ్రి. లోపలికి పోవాలంటే నన్ను సంపి పోండ్రి."

కులపెద్ద కర్ర ఎత్తాడు. ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఉంది. చాలాసేపటికి దించాడు.

మూడు దినాలు పోశెట్టి గడపలో కాపలా ఉన్నాడు. మూడు దినాలు లోపల చదువు సాగింది. నాలుగో దినం అవ్వను కుట్టి, కడిగి, కొత్త కోక కట్టారు. పోశెట్టి మన్ను వేశాడు.

ఆ ఏడే పక్కూరిలో ఒక బిడ్డ అడ్డం తిరిగింది. సోమయ్య శిష్యుడు చేత్తో సర్ది తీశాడు. తల్లీ దక్కింది, బిడ్డా దక్కింది. ఆ మాట విని దూరదేశాల పిల్లలు చదువుకు వచ్చారు. చిన్న బడి పెద్ద విద్యాలయమైంది.

ఇప్పటికీ అక్కడ శవం ముందు నిలబడే తొలి రోజున, ఎంతవారి పిల్లలైనా చెప్పులు విడిచి వస్తారు. కత్తి పట్టేముందు అందరూ ఒక్క గొంతుతో అడుగుతారు: "అవ్వా, సెలవా?"

అడిగి, కాసేపు ఆగుతారు. ఆ గదిలో ఎవరూ నవ్వరు.