ఎదుటివాడి ఫోర్కు

రాష్ట్ర పోటీలో గెలిచి వచ్చినా జయసింహ ఫోర్కును ఉస్తాద్ ముట్టుకోలేదు.

హార్సిలీ కొండ కింద ఉస్తాద్ గౌస్ మొహిద్దీన్ ఇంటి వెనక రేకుల వసారా ఉంది. ఆ వసారాలో ఫోర్కు గోడకు ఆనించి పెట్టింది పెట్టినట్టే ఉంది. చుట్టుపక్కల ఉన్నవాటిని ఉస్తాద్ ఒక్కొక్కటే విప్పుతున్నాడు, కడుగుతున్నాడు, బిగిస్తున్నాడు. జయసింహదాన్ని మాత్రం అక్కడ అదొకటి ఉందని కూడా తెలియనట్టు దాటిపోతున్నాడు.

బయటివాళ్లకు ఇదేం పెద్ద విషయం అనిపించదు. కొండ మీది రాళ్లదారిలో సైకిలు మీద దూకుతూ దిగే ఆట వీళ్లది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే జోడు గొట్టాలే ఫోర్కు. ఒక గొట్టంలో గాలి, ఇంకో గొట్టంలో ఆయిలు. గాలి మనిషి బరువును మోస్తుంది, ఆయిలు ఆ ఊపును అదుపులో పెడుతుంది. రెండూ సరిగ్గా ఉంటే బండ మీంచి దూకినా సైకిలు మెత్తగా కూర్చుని లేస్తుంది. ఏది పాడైనా మనిషి హ్యాండిల్ మీంచి ఎగిరి అవతల పడతాడు.

గెలిచినవాడి ఫోర్కును ఉస్తాద్ తన చేత్తో విప్పి, శుభ్రం చేసి, కొత్త ఆయిలు పోసి ఇస్తాడు. ఆ ఇంట్లో అంతకు మించిన పతకం లేదు. ఆయన ఒకసారి అలా విప్పి ఇచ్చాడంటే ఇక వాడు శిష్యుడు కాదు, తోటివాడు. జయసింహ ఏళ్ల తరబడి ఎదురుచూసింది దానికోసమే. మెడలో పడిన పతకాన్ని ఇంట్లో ఎక్కడ పడేశాడో కూడా అతనికి గుర్తులేదు.

రోజూ పొద్దున్నే వచ్చి, గొట్టాలను మెత్తటి గుడ్డతో అద్దంలా తుడిచి కూర్చునేవాడు. ఉస్తాద్ చూసేవాడు. చూసి ఊరుకునేవాడు.

ఆ ఇంట్లో ఇంకో పద్ధతి కూడా ఉంది. పోటీకి ముందు ఎవరి ఫోర్కు వాళ్లు విప్పకూడదు. ఒకరిది ఇంకొకరు విప్పి బాగుచేయాలి. తన సొంతమైతే ఎవడైనా ఏమరుపాటుగా ఉంటాడు, ఎదుటివాడి ఎముకలు తన చేతిలో ఉన్నాయంటే ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తాడని ఉస్తాద్ నమ్మకం. పాపం, పెద్దాయన మనుషులను అలా నమ్మాడు. దానికి ఆయన పెట్టిన నియమాలు రెండే. చేసింది చెప్పుకోవద్దు. చూసింది దాచొద్దు.

ఈసారి జయసింహ ఫోర్కు మునిరత్నం చేతికి, మునిరత్నానిది జయసింహ చేతికి వచ్చాయి. మునిరత్నం వయసులో చిన్నవాడు. ఆటలో మాత్రం జయసింహకు సమానం, ఒక్కోసారి ఒక పిసరు ఎక్కువ. అన్నా అన్నా అంటూ వెనకే తిరిగేవాడు. ఆ పిలుపంటే జయసింహకు ఇష్టమే, పోటీ దగ్గరికి వచ్చేదాకా.

గాలి గొట్టం లోపల చిన్న రబ్బరు రింగు ఒకటి ఉంటుంది. గాలి కారిపోకుండా పట్టి ఉంచేది అదే. అరిగితే మార్చాలి. ఆ వారం వానలకు కొత్త రింగుల పార్సిలు రాలేదు. ఉస్తాద్ వస్తువులు పెట్టుకునే బిస్కెట్ల డబ్బాలో ఒకే ఒక్క రింగు మిగిలింది. ఫోర్కుల్లో ఉన్నవన్నీ నల్లవి, ఇది నీలం రంగుది. ఎవరు విప్పినదానికి అవసరమైతే వాళ్లు అడక్కుండా తీసి వేయమన్నాడు ఉస్తాద్. రెండోది కావాల్సి వస్తే మాత్రం తనతో చెప్పమన్నాడు. ఆ సైకిలు ఈసారి కొండెక్కదు, అంతే అన్నాడు.

పోటీ రోజున సగం కొండ దాకా అందరికంటే వేగంగా దిగినవాడు మునిరత్నం. పెద్ద బండ మీంచి దూకినచోట అతని ఫోర్కు కిందికి కూలబడి మళ్లీ లేవలేదు. మనిషి ఎగిరి రాళ్ల మీద పడ్డాడు. కుడి మోచెయ్యి నుజ్జయింది. ఎముక అతుక్కుంటుంది గానీ వేళ్లకు పట్టు రాదన్నాడు డాక్టరు. పట్టు లేనిదే బ్రేకు లేదు, బ్రేకు లేనిదే కొండ లేదు. ఊళ్లో ఇంకే పని చేసుకున్నా చేసుకోవచ్చు గానీ, మునిరత్నానికి ఆట అక్కడితో అయిపోయింది.

అందరూ ఆ బండను తిట్టారు. ఆసుపత్రిలో అందరికంటే ఎక్కువ ఏడ్చింది జయసింహే. ఆ కన్నీళ్లు దొంగవని అనడానికి లేదు. నోరు మాత్రం తేలు కుట్టిన దొంగ నోరు.

మునిరత్నం ఇప్పుడు కూడా రోజూ వసారాకు వస్తాడు. చేతికట్టు మార్పించుకుని, ఎండ ఎక్కేలోగా వచ్చి, మెట్టు మీద కూర్చుని మిగతావాళ్ల పని చూస్తాడు. చూడటం తప్ప అతనికి మిగిలిందేమీ లేదు.

ఒకరోజు, అతను ఇంకా రాకముందే, జయసింహ ఉండబట్టలేక అడిగేశాడు.

"నాది ఎప్పుడు ఇప్పుతారు ఉస్తాద్?"

ఉస్తాద్ చేతిలో పని ఆపలేదు. "నిన్న రత్నం కూడా ఇదే అడిగినాడు. అన్న గెలిచినాడు గదా, ఏంటికి ఇప్పలేదు అని."

జయసింహ మొహం వెలిగింది. ఈయనకు తన మీద ఏదో కోపం ఉందనుకున్నాడు గానీ, తమ్ముడే సిఫారసు చేశాక ఇంకేం అడ్డం ఉంటుందనుకున్నాడు.

ఉస్తాద్ లేచి లోపలికి వెళ్లి ఒక గుడ్డముక్క తెచ్చి బల్ల మీద పరిచాడు. అందులో నల్లటి రబ్బరు రింగు ఉంది. ఒకపక్క తెగి, అంచులు విడిపోయి ఉన్నాయి. విరిగిన సైకిలును కొండ మీంచి మోసుకొచ్చింది ఉస్తాదే. దాని ఫోర్కును విప్పింది కూడా ఆయనే.

ఆయన ఏమీ అడగలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు జయసింహే మొదలుపెట్టాడు. రింగు కొంచెం చీలి ఉండటం తను చూసిన మాట నిజమేనన్నాడు. వెంటనే డబ్బా దగ్గరికి వెళ్లాననీ, అది అప్పటికే ఖాళీ అయిందనీ చెప్పాడు. మునిరత్నమే ఆ కొత్తదాన్ని ముందుగా తీసి, తర్వాత తనకు పనికొస్తుందని జేబులో వేసుకుని ఉంటాడన్నాడు. తన ఫోర్కు ఎప్పుడూ అద్దంలా ఉంటుంది కాబట్టి దానికి రింగు కావాల్సి వచ్చే మాటే లేదన్నాడు. పాతదే బిగించి గాలి కొడితే నిలిచింది, ఆ ఒక్క పూటకు ఆగుతుందనుకున్నానన్నాడు.

"నాతో చెప్పొచ్చు గదా," అన్నాడు ఉస్తాద్.

"చెప్తే, వాని జోబీలోది తీసి వాని ఫోర్కుకే ఏయమంటారు గదా ఉస్తాద్."

అనేశాక గానీ ఏమన్నాడో జయసింహకు తెలియలేదు.

ఉస్తాద్ కుంటుకుంటూ గోడ దగ్గరికి వెళ్లాడు. ఆ కుంటు కూడా ఒకప్పుడు ఆ కొండ ఇచ్చిందే. జయసింహ ఫోర్కును రెండు చేతులా ఎత్తి తెచ్చి బల్ల మీద పెట్టాడు. పక్కన పానాలు పెట్టాడు, రబ్బరు సుత్తి పెట్టాడు, పాత ఆయిలు పట్టడానికి పళ్లెం పెట్టాడు. అన్నీ పెట్టి తను వెనక్కి జరిగాడు.

"ఇప్పు."

"నేనా? మీరు గదా ఇప్పాల్సింది."

"ఇప్పు, జయసింహా."

ఎవరినైనా బేటా అనే మనిషి పేరు పెట్టి పిలిచాడు. జయసింహ బల్ల దగ్గరికి జరిగాడు.

గాలి వదిలాడు. కింది బోల్టులు వదులుచేసి సుత్తితో తట్టాడు. కింది గొట్టాలు జారి చేతిలోకి వచ్చాయి, ఆయిలు పళ్లెంలోకి కారింది. పైన అంత మెరిసే ఫోర్కు లోపల ఆయిలు నల్లగా ఉంది. అది మామూలే, పోటీలో నలిగిన ఆయిలు అలాగే ఉంటుంది. అతని చేతులకు పని బాగా వచ్చు. ఆ విషయంలో ఎవరూ వేలెత్తి చూపలేరు. గాలి గొట్టం అడుగున ఉన్న క్లిప్పు తీసి, లోపలి కడ్డీని పట్టుకుని మెల్లగా లాగాడు.

కడ్డీ చివర నీలం రింగు ఉంది.

జయసింహ దాన్ని వెలుతురుకు తిప్పి చూశాడు. గుడ్డతో తుడిచి మళ్లీ చూశాడు. ఆయిలు మరక పోయేకొద్దీ రింగు ఇంకా నీలంగా కనబడింది.

కడ్డీ పట్టుకునే ఉస్తాద్ వైపు తిరిగాడు. "వాడు ఒక్క మాట కూడా చెప్పలేదు ఉస్తాద్. ఆసుపత్రిలో కూడా చెప్పలేదు."

"చెప్పడు," అన్నాడు ఉస్తాద్. "చేసింది చెప్పగూడదని నేర్పిచ్చింది నేనే గదా. వాడు నేర్చుకున్న్యాడు."

ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే జయసింహకు కొంత బాగుండేది. కాళ్ల మీద పడి తిట్లు తినేవాడు, తిన్నాక తేలికపడేవాడు. ముసలాయన తన చేతులకేసి చూసుకుంటున్నాడు. ఇంతమందికి విద్య నేర్పిన ఆ చేతుల మీద ఆయనకే నమ్మకం పోయినట్టుంది.

జయసింహ కడ్డీని ముందుకు చాపాడు. "మీ చేత్తో ఒక్కసారి బిగించండి ఉస్తాద్. ఇంకేమీ అడగను."

ఉస్తాద్ కొత్త ఆయిలు సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు. కడ్డీని మాత్రం అందుకోలేదు.

"బిగించుకో," అన్నాడు. "ఇంకమీద నీది నువ్వే ఇప్పుకో."

ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

ఆ ఇంట్లో ఆ మాటకు అర్థం ఏమిటో జయసింహకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక ఎవరి ఫోర్కూ అతని చేతికి రాదు. అతని ఫోర్కు ఇంకెవరి చేతికీ పోదు. జాతీయ పోటీకి వెళ్లొచ్చు, గెలవొచ్చు కూడా. ఆ రేకుల కింద అతని కోసం ఎదురుచూసే బల్ల ఉండదు.

వీధి గేటు చప్పుడైంది. మునిరత్నం వచ్చాడు, మెడకు వేలాడే కుడి చేతిని ఒళ్లో పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని. బల్ల మీద విప్పి ఉన్న గొట్టాలు చూడగానే అతని మొహం విప్పారింది.

"ఉస్తాద్ ఇప్పినారా అన్నా? నేను నిన్న గెట్టిగానే అడిగినాలే."

దగ్గరికి వచ్చి, బాగున్న ఎడమ చేత్తో గొట్టాన్ని కదలకుండా పట్టుకున్నాడు.

"బిగించన్నా. నేను పట్టుకుంటా."

పానా బల్ల మీద చేతికి అందేంత దగ్గర్లోనే ఉంది. జయసింహ దాన్ని తీసుకోలేకపోయాడు.