రెండో రీలు

నూకరత్నానికి చీకటంటే భయం. చచ్చినా ఆ ముక్క ఎవరికీ చెప్పదు. చిన్నప్పుడు తుపానుకి గోడ కూలి మంచం కింద ఒక పూటంతా ఇరుక్కుపోయింది. అప్పట్నుంచీ దీపం లేకపోతే ఊపిరాడదు. అలాంటి పిల్ల వెతికి వెతికి ఏ చదువులో చేరిందయ్యా అంటే, భీమిలిలో దానయ్య మాస్టారి దగ్గర సినిమా తీయడం నేర్పే పది రోజుల కోర్సులో! అక్కడ ఎవరు తీసిన ఫిల్మును వాళ్లే చీకటి గదిలో కడుక్కోవాలి.

మనిషికి రెండే రీళ్లు. ఫిల్మును చీకట్లో తడుముకుంటూ గాడులున్న చక్రానికి చుట్టి, డబ్బాలో పెట్టి మూత బిగించాలి. ఆ తర్వాతే లైటు. మొదటి రీలు చుడుతుంటే మధ్యలో ఇరుక్కుంది. గుమ్మం బయట రేకుపెట్టెలో వదిలి రావలసిన ఫోను జేబులోనే ఉంది. ఒక్క క్షణం వెలిగించింది. ఇంకేముంది, ఫిల్మంతా నల్లగా మాడిపోయింది. పైగా "ఫిల్ము కడిగే మందు పాడైనట్టుంది మాస్టారూ" అని బుకాయించింది. మాస్టారు ఆమె జేబువంక ఒకసారి చూశారు.

రెండో రీలులో వాళ్ల అయ్య ఉన్నాడు. ముప్పై మంది కలిసి ఒడ్డున నిలబడి లాగే పెద్దవలను ఆఖరిసారి లాగుతున్నాడు. మర్నాడే ఆ వల అమ్మేశారు. జట్టు తలో దిక్కూ పోయింది. మళ్లీ తీద్దామంటే వలా లేదు, లాగేవాళ్లూ లేరు.

గది ముందుకు రాగానే ఆమె ఫిల్ము డబ్బాను మాస్టారి చేతిలో పెట్టింది.

"మీరే చుట్టెయ్యండి మాస్టారూ. మీ చేత్తో అయితే బాగా వస్తుంది."

"సరే, నువ్వూ రా."

తలుపు పడింది. కళ్లు తెరిచినా మూసినా ఒకటే నలుపు. పక్కన ఫిల్ము డబ్బా తెరిచిన చప్పుడు, ఆ వెంటనే ఏదో బల్ల మీద జారిపడిన చప్పుడు.

"నూకరత్నం, ఉన్నావా?"

"ఉన్నానండి."

"మాట్లాడుతూ ఉండమ్మా. నాకు చీకటంటే మహా భయం."

ఆమె నమ్మలేకపోయింది. "మరి ఇన్నేళ్లుగా ఎలా చేస్తున్నారండీ?"

"భయపడుతూనే. ఇదుగో, చెయ్యి వణుకుతోంది, ఫిల్ము గాడిలో పడటం లేదు. నువ్వు పట్టుకో."

చక్రం ఆమె చేతుల్లోకి వచ్చింది. చిన్నప్పట్నుంచీ వల కుట్టిన వేళ్లు కదా, అంచును తడిమి గాడిలోకి ఎక్కించాయి. ఒక చుట్టు, రెండు చుట్లు, పది చుట్లు. అప్పుడు టక్కున ఆగిపోయింది. అచ్చం మొన్నటిలాగే.

చెవుల్లో గోడ కూలిన శబ్దం. తనకు తెలియకుండానే చెయ్యి జేబులోకి పోయింది.

"వెలిగించుకుంటే వెలిగించుకో," అన్నారు మాస్టారు నెమ్మదిగా. "భయం పోతుంది. దాంతోపాటు మీ అయ్యా పోతాడు."

చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది. ఆమెకి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే అర చుట్టు వెనక్కి తిప్పింది, వదులు చేసింది, మళ్లీ ముందుకు నెట్టింది. ఎంతసేపు పట్టిందో తెలీదు. చివరికి చక్రాన్ని డబ్బాలో పెట్టి మూత బిగించి, "అయిందండి" అంది.

మాస్టారు లైటు వేశారు. అంచుదాకా నిండిన జగ్గు ఎత్తి, డబ్బా మూతకున్న చిన్న కంతలోంచి మందు పోశారు. ఒక్క చుక్క పక్కన పడలేదు. నూకరత్నం ఆ చేతివంకే చూస్తూ ఉండిపోయింది. ఆయన గడియారం వంక చూస్తున్నారు.

కడిగిన ఫిల్మును ఆమె కిటికీకి ఎదురుగా పట్టుకుంది. నెగెటివ్ కదా, అంతా తిరగేసి ఉంది. పట్టపగటి ఆకాశం కటిక నలుపు. ఆ నలుపులో అయ్య తెల్లగా, భుజాన తాడుతో, కాళ్లు ఇసుకలో పాతుకుని వల లాగుతున్నాడు.

"మాస్టారూ, మొన్న... మందు మంచిదేనండి."

"తెలుసమ్మా."

ఆమె జేబులోంచి ఫోను తీసి గుమ్మం బయటి రేకుపెట్టెలో పెట్టింది.

"రేపు ఇంకో రీలిస్తాను. ఒక్కదానివే వెళ్తావా?"

"భయమేస్తుంది మాస్టారూ."

"వెయ్యనీ," అన్నారాయన.