వరం కోసం కళ్ళు మూసుకున్న పెట్ట

గోదారి లంకలో, సున్నం వెలిసిపోయిన ఓ చిన్న ప్రార్థన మందిరం వెనకాల పశువుల పాక ఉంది. పాక చుట్టూ కంప దడి, దడి దాటితే ఏటిగట్టు. మందిరం కిటికీలు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. అందుకని ఆదివారం లోపల మనుషులు ఏం పాడినా, ఏం చదివినా పాకలో జీవాలన్నీ చెవులు నిక్కించి వినేవి. వినగా వినగా వాటికీ భక్తి పట్టుకుంది. మనం మాత్రం ఏం తక్కువ అని అవి కూడా ఓ సహవాసం పెట్టుకున్నాయి. స్తోత్రాలు చెప్పుకోవడం, సాక్ష్యాలు చెప్పుకోవడం, ఎండ నడినెత్తికొచ్చే వేళకి ఉపవాస ప్రార్థన, ఏ లోటూ లేదు.

వచ్చిన చిక్కల్లా ఒక్కటే. పాస్టరు గారు దేవుడిచ్చే వరాల గురించి చెప్పిన రోజున జీవాలన్నీ ఒళ్ళు మరిచి విన్నాయి. జరగబోయేది చెప్పే వరమట, రోగాలు బాగుచేసే వరమట, ఎవరూ నేర్పని భాషలు మాట్లాడే వరమట! చెప్పి చెప్పి ఆయన "వీటన్నిటినీ మించింది ఇంకొకటుంది" అంటూండగా పెరట్లో ప్రేమవిందుకి అన్నం వార్చారు. గంజిలో కొట్టుకొచ్చే మెతుకుల కోసం అందరూ ఒకటే పరుగు. ఆ మించిందేమిటో వినడానికి మిగిలింది ముసలి గేదె ఒక్కర్తే. నుదుటి మీద తెల్ల మచ్చ ఉండడంవల్ల దాన్ని అందరూ బొల్లత్త అనేవారు.

ఆ రోజు నుంచి సహవాసంలో ఒక కట్టుబాటు వచ్చింది. వరం ఉన్నవాళ్ళు గడ్డిమేటు మీద, లేనివాళ్ళు కింద. డేగపుంజు తెల్లవారుతుందని ముందే చెప్తాడు గనక ప్రవక్త అయ్యాడు. రామచిలక సంతలో పెరిగింది, నాలుగు భాషల్లో తిట్టగలదు, దానిది భాషల వరం. గడ్డం మేకకి ఏ ఆకు తింటే ఏది తగ్గుతుందో తెలుసు, దానిది స్వస్థత వరం. కింద మిగిలింది బొల్లత్త, చుక్కి.

చుక్కి అంటే చుక్కల పెట్ట. ఈడు చిన్నది, ఊహలు పెద్దవి. సాయంత్రం గోదారి మీద ఎరుపు పరుచుకుంటే మెడ పైకెత్తి అలా చూస్తూ ఉండిపోయేది. ఆ ఎరుపులోంచి ఎవరో తనని పేరు పెట్టి పిలుస్తారనీ, అందరూ చూస్తుండగా తను మేటెక్కి కూర్చుంటుందనీ కలలు కనేది. మొన్నటి వరద చెమ్మకి దాని తొలి పొదుగులో గుడ్లన్నీ మురిగిపోయి ఒక్కటే పిల్ల మిగిలింది. ఆ ఒక్క నలుసుకీ కుడికాలు మెలి తిరిగింది. గుంటడని పిలుచుకునేది దాన్ని. గుంటడు నాలుగడుగులు వేస్తే బోర్లా పడేవాడు. పడగానే సన్నగా "కియ్య్" మని పిలిచేవాడు. ఎంత గోలలో ఉన్నా చుక్కికి ఆ పిలుపు తెలిసిపోయేది.

వరదకి దడిలో ఒక కంత పడింది. పగలూ రాత్రీ ఆ కంతకి అడ్డంగా బొల్లత్త పడుకునేది. చుక్కి మేతకి పోయినప్పుడు గుంటడు వెళ్ళి ఆ గేదె డొక్కలో దూరేవాడు.

"అత్తా, ఏ వరమూ లేదని నీకు బాధగా ఉండదా?" అని అడిగింది చుక్కి ఓసారి.

"నాకు నెమరెయ్యడానికే పొద్దు చాలదే తల్లీ."

"నవ్వులాట కాదత్తా. వాళ్ళు మేటు మీద, మనం పేడలో."

"పేడలో వెచ్చగా ఉంటుందిలే. నీ కొడుకుని అడుగు."

"అది సరేగానీ, ఆ రోజు పాస్టరు గారు అన్నిటినీ మించింది ఉందన్నారే, ఏమిటత్తా అది?"

"ప్రేమటే."

చుక్కికి ఉసూరుమంది. "ఓస్, అంతేనా! అదెవరికి ఉండదు?"

"అందరికీ ఉంటుందనే నేనూ అనుకున్నా," అంది గేదె, ఈగల్ని తోకతో తోలుకుంటూ. "వెతికి చూస్తే కనపడ్డంలేదు. వరాలు పసివాళ్ళకి కూడా ఇస్తాడట దేవుడు, తీర్థంలో బూర కొనిపెట్టినట్టు. ఎదిగారా లేదా అన్నది మాత్రం ప్రేమని చూసి పోల్చుకోవాలట."

చుక్కి వినలేదు. దాని చూపు గడ్డిమేటు మీద ఉంది.

శనివారం మిట్టమధ్యాహ్నం దడి అవతల ఓ నక్క వచ్చి నిలబడింది. ఒళ్ళంతా గజ్జి, ముఖం నిండా దీనం.

"దొంగ! దొంగ!" అని డేగపుంజు గొంతు చించుకున్నాడు.

"నిజమేనండి, దొంగనే," అంది నక్క, నేల మీద సాగిలపడి. "ఈ పాడు నోటితో ఎన్ని పెట్టల్ని... ఛీ, చెప్పుకుంటే సిగ్గండి. ఓ రోజు ఏటిగట్టున నా పక్కనే పిడుగు పడింది. ఆ వెలుగులో నన్నెవరో పేరు పెట్టి పిలిచారండి. అప్పట్నించీ పీతని కూడా ముట్టుకోలేదు. నేరేడు పళ్ళు, ఏటి నీళ్ళు. అంతే."

"పీతలు కూడా మానేశావా!" అంది మేక.

"పీత మాత్రం ప్రాణి కాదా బాబాయ్ గారూ?"

పేరు పెట్టి పిలిచారన్న మాట వినగానే చుక్కి మెడ పైకెత్తింది. తన కలే అది! ఎవరో తన కల తీసుకెళ్ళి ఈ నక్కకి ఇచ్చేసినట్టనిపించింది.

నక్క లేచి కళ్ళు మూసుకుని ఊగడం మొదలెట్టింది. "రేపు పొద్దెక్కే లోపు వాన. నాకు చూపిస్తున్నారు... వాన!" అని అరిచి, ఆపైన మెడ పైకెత్తి ఒక పొడుగాటి ఊళ వేసింది.

"ఇదేం భాషో నాకే అంతుపట్టడం లేదు," అంది చిలక వణికిపోతూ. "నాకే తెలీలేదంటే అది పరలోక భాషే!"

బొల్లత్త ఒక్కర్తే కదల్లేదు. "చీమలు పొద్దుటే గుడ్లు మోసుకుని గట్టెక్కాయి. వాన వస్తుందని చెప్పడానికి దేవుడితో పనేముంది? అది కాదు, ఇందాక మన గుంటడు బోర్లా పడ్డప్పుడు ఆయన్ని చూశారా? మనం అయ్యో అన్నాం. ఆయన గుటకేశాడు."

"చూశారా కడుపుమంట!" అన్నాడు డేగపుంజు మేటు మీంచి. "వరం లేనివాళ్ళకి ఉన్నవాళ్ళని చూస్తే ఇలాగే ఉంటుంది."

"పైన పటారం లోన లొటారం అన్నారు. లోపలేముందో ఒక్కసారి చూసుకోండర్రా అంటున్నాను."

"నీ లోపలేముంది అత్తా? గడ్డేగా!" అంది చిలక. పాక పాకంతా నవ్వింది. చుక్కి కూడా నవ్వింది. నవ్వాక గేదె వైపు చూడలేకపోయింది.

మర్నాడు వాన రానే వచ్చింది. ఇంకేముంది, నక్కకి అయ్యగారని పేరొచ్చింది, లోపలికి పిలుపొచ్చింది, గడ్డిమేటు మీద నడుమన చోటొచ్చింది. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. ఆ పాకలో గొర్రె లేని లోటు అందరూ కలిసి తీర్చారు.

వాన వెలిశాక చుక్కి తడి రెక్కలు దులుపుకుని మేటు కింద నిలబడింది. "అయ్యగారూ, నాకు... నాకేమైనా ఉందాండీ?"

"మీకోసమే పంపించారమ్మా నన్ను!" అంది నక్క. "మీకు స్వస్థత వరం రాసిపెట్టి ఉంది. మొట్టమొదట మీ బాబు కాలే బాగవుతుంది. ఆ కాలితో వాడు పరిగెడతాడు, వాణ్ణి చూసి లంకంతా మీ దగ్గరికొస్తుంది. ఇదిగో, మేటు మీద ఇదే మీ చోటు."

చుక్కి కళ్ళు చెమర్చాయి. పాక చూరు కింద ఆ చోటు ఎంత పొడిగా, ఎంత పచ్చగా ఉందో!

"కాకపోతే రెండడ్డంకులున్నాయి," అంది నక్క గొంతు తగ్గించి. "వరం ఏటి వైపు నుంచి గాలిలా వస్తుంది. ఆ కంతకి అడ్డంగా కొండలా ఒకావిడ పడుకుంది. నేను చెప్తే లేవదు, మీరడిగితే లేస్తుంది. రెండోది, బాబు మీ రెక్క కిందే ఉంటే దేవుడి చెయ్యి ఎలా తగుల్తుందండీ? కంత దగ్గర ఒక్కణ్ణే ఉంచాలి."

"ఒక్కణ్ణా? గద్దలూ అవీ..."

"దేవుడుండగా ఒక్కడెలా అవుతాడమ్మా? అంత నమ్మకం లేకపోతే పోనీలెండి. ఈ చోటు ఇంకెవరికైనా..."

"వద్దొద్దు! ఉంచుతానండి."

"ఇంకో మాట. వరం దిగే వేళకి సైతాను ఊరుకోడు. అచ్చం మీ బాబు గొంతుతోనే ఏడుస్తాడు. కళ్ళు తెరిచారో, వరం వెనక్కెళ్ళిపోతుంది. ఆ ఏడుపు వినపడితే ఇంకా గట్టిగా స్తోత్రం చెప్పాలి. అందరూ చెప్పాలి."

చుక్కి కంత దగ్గరికి నడిచింది. "అత్తా, నువ్వు కాసేపు పెరటి వైపు దడి అవతలున్న బండి వెనక్కి వెళ్ళవా?"

గేదె దాని ముఖంలోకి చూసింది. "వాడు చెప్పాడా?"

"నా కోసం అత్తా. గుంటడి కాలు కోసం."

"కాలు మెలి తిరిగినా వాడు నీ దగ్గరికి వస్తూనే ఉన్నాడు గదే."

"నీకు వరాల్లేవు, నీకేం తెలుసు!" అనేసింది చుక్కి.

బొల్లత్త మెల్లగా లేచింది. "నువ్వడిగావు గనక వెళ్తున్నా. వాణ్ణి మాత్రం రెక్క కింద నుంచి తియ్యకు తల్లీ," అని వెనక్కి వెనక్కి చూసుకుంటూ బండి అవతలికి పోయింది.

చుక్కి గుంటణ్ణి కంత ముందు కూర్చోబెట్టింది. నేలంతా ఇంకా గేదె ఒంటి వెచ్చదనంతోనే ఉంది. "ఇక్కడే ఉండు నాన్నా. మళ్ళీ వచ్చేసరికి నువ్వు పరిగెడతావు." వాడు తల్లి కాలి వేళ్ళని ముక్కుతో పొడిచాడు, ఆట అనుకుని.

ఎండ నడినెత్తికొచ్చింది. అందరూ మేటు మీద చేరారు. "కళ్ళు!" అంది నక్క. అందరూ మూసుకున్నారు. నక్క ఊళ, పుంజు కూత, మేక అరుపు, చిలక నాలుగు భాషలు, అన్నీ కలిసి పాక దద్దరిల్లింది. నడుమన చుక్కి. దాని ఒళ్ళు తేలిపోతోంది. రెప్పల వెనకాల వెలుగు ఎర్రగా, బంగారంగా, సాయంత్రం గోదారిలా. వచ్చేస్తోంది, వచ్చేస్తోంది అనుకుంది.

నక్క ఊళ ఆగిపోయిన సంగతి ఎవరూ గమనించలేదు.

అప్పుడు వినపడింది. సన్నగా. "కియ్య్."

చుక్కి రెక్కలు వాటంతటవే విచ్చుకున్నాయి. 'సైతాను' అనుకుంది. మళ్ళీ వినపడింది. ఈసారి పొడుగ్గా, భయంగా. "స్తోత్రం!" అని అరిచింది చుక్కి. "స్తోత్రం! స్తోత్రం!" దాని అరుపు విని మిగతావాళ్ళు ఇంకా గట్టిగా అందుకున్నారు. ఆ హోరులో ఆ పిలుపు మునుగుతూ తేలుతూ కాసేపు ఉండి, ఆ తర్వాత లేదు.

ఫెళ్ళున దడి విరిగిన చప్పుడైంది. చుక్కి కళ్ళు తెరిచింది.

బొల్లత్త బండిని పడదోసుకుని, అడ్డొచ్చిన కంప దడిని కొమ్ములతో చీల్చుకుని కంత దగ్గరికి వచ్చి నిలబడి ఉంది. మెడంతా ముళ్ళు, రొమ్ము మీద నెత్తురు. గుంటడున్న చోట ఏమీ లేదు. దూరంగా ఏటిగట్టు మీద రెల్లు కదిలి సర్దుకుంది.

"మంచి ఊపులో ఉండగా ప్రార్థన పాడుచేసిందెవరు?" అన్నాడు డేగపుంజు.

చిలక ముందుగా తేరుకుంది. "నక్క గారు... వాడు... దొంగ వెధవ!" అని నాలుగు భాషల్లోనూ తిట్టింది. మేక పరుగెత్తుకెళ్ళి ఏదో ఆకు తెచ్చి నేల మీద పెట్టింది. ఎవరికి వెయ్యాలో తెలీక తనే నమిలేసింది. "ఇలా అవుతుందని నాకు ముందే తెలుసు," అన్నాడు పుంజు.

"తెలిస్తే లేవలేదేం?" అంది బొల్లత్త.

పుంజు తల తిప్పేసుకున్నాడు. ఒక్కొక్కరే మేటు దిగి, ఎవరి మూలకి వాళ్ళు పోయారు.

చుక్కి కంత ముందు కూర్చుంది. కింద పిల్ల లేకపోయినా రెక్కలు పరుచుకునే కూర్చుంది. గేదె వచ్చి పక్కన కూలబడింది.

"నాకు వినపడిందత్తా."

"ఊఁ."

"సైతాను కాదు. వాడేనని తెలుసు. మొదటి పిలుపుకే తెలుసు."

గేదె నెమరెయ్యడం ఆపేసింది.

"ఇంకొక్క క్షణం ఓర్చుకుంటే వరం వచ్చేస్తుందేమో అనుకున్నాను. వాడి కాలు కోసం కాదత్తా. అప్పటికి వాడి కాలు నాకు గుర్తే లేదు. మేటు మీద చోటు ఒక్కటే గుర్తుంది."

బొల్లత్త నాలుక చాపి దాని వీపు ఒకసారి నాకింది. చుక్కి దగ్గరికి జరగలేదు, దూరంగానూ జరగలేదు. రెక్కల కింద మట్టి చల్లబడుతోంది.

నీతి: ఎన్ని వరాలతో కూసినా సరే, పక్కవాడి ఏడుపుకి కళ్ళు తెరవని భక్తి ఇంకా గుడ్డు పెంకు దాటి రానట్టే.