ఖాళీ తాటాకు చదివిన బడి

అనగా అనగా, రాజులే బళ్ళకు పరీక్షలు పెట్టే కాలంలో, ఏటి ఒడ్డున మొగలిపాడు అనే ఊరు ఉండేది. ఆ ఊళ్ళో చిన్నపిల్లల బడి ఒకటి. దానికి కామేశం పంతులు ఒక్కడే గురువు. మంచివాడే. కాకపోతే తన బడిని మించిన బడి లేదని కాస్త మిడిసిపాటు.

రాజుగారి ఆజ్ఞ ఏమిటంటే, ఏటా రాజ్యంలోని పిల్లలందరికీ ఒకే తాటాకు, ఒకే పది లెక్కలు ఇవ్వాలి. ఆకు తప్పు లేకుండా చదివితే ఒక మార్కు, లెక్కలు సరిగ్గా చెబితే ఇంకొకటి. అందరికీ ఒకే పరీక్ష అయితే ఎవరికీ అన్యాయం జరగదని ఆయన ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కాని ఆకు మార్చాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఇరవై ఏళ్ళుగా అదే ఆకు, అవే లెక్కలు.

మొగలిపాడులో ఆ ఆకులోని మాటలు జోలపాటలా పాడుకునేవారు. అన్నలు తమ్ముళ్ళకు, అక్కలు చెల్లెళ్ళకు నేర్పేవారు. బడిలో చేరకముందే పిల్లలకు అదంతా కంఠతా వచ్చేది. పంతులు ఇది చూసి, తన చదువు ఇంటింటికీ పాకిందని పొంగిపోయేవాడు. వరుసగా రెండేళ్ళు ఆ బడే మొదట నిలిచింది. మూడోసారి కూడా నిలిస్తే, పంతులికి రాజకుమారులకు చదువు చెప్పే కొలువు ఖాయం.

వచ్చిన చిక్కల్లా ఒక్క పిల్లతోనే. ఆమె పడవ నడిపే గంగయ్య కూతురు నూకాలు. ఆ ఏడే పొరుగు రాజ్యం నుంచి వచ్చింది. ఇంట్లో నేర్పడానికి అన్నా అక్కా లేరు. వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివేది. లెక్క చెప్పమంటే గవ్వలు పేర్చేది. పంతులికి ఒళ్ళు మండేది. పరీక్ష రోజున పిల్లను పంపొద్దని, పంపి తప్పిందంటే ఇక బడికే రానక్కర్లేదని గంగయ్యకు కబురు చేశాడు. నూకాలు వినలేదు. వచ్చి చివరి వరసలో కూర్చుంది.

పరీక్షాధికారి దండపాణి పల్లకీ దిగాడు. పట్టుగుడ్డ విప్పి, తాటాకు తీసి, మొదటి పిల్లవాడికిచ్చాడు. వాడు దాన్ని కళ్ళకద్దుకుని గడగడా చదివేశాడు. రెండో పిల్ల అంతకంటే గడగడా చదివింది. మూడోవాడు సగం కళ్ళు మూసుకునే ముగించాడు. అలా ముప్పై మంది చదివారు. పంతులు మొహం వెలిగిపోతోంది.

ఆకు నూకాలు చేతికి వచ్చింది. ఆ పిల్ల వేలు పెట్టింది. వేలు ఎక్కడా ఆగలేదు. ఆకు తిరగేసింది. మళ్ళీ తిరగేసింది.

"దీని మీద ఏటీ నేదు పంతులుగారూ," అంది.

పిల్లలు ఘొల్లున నవ్వారు. పంతులు కోపంగా ఆకు లాక్కుని చూశాడు. దాని మీద ఒక్క గీత లేదు. కోటలో ఆకులు రాసే రాయసగాడు పొరపాటున ఖాళీ ఆకు కట్టి పంపాడు. మరి ముప్పై మంది ఏం చదివినట్టు?

పంతులు ఇసుకలో "పడవ" అని రాసి, మొదటివాణ్ణి చదవమన్నాడు. వాడు చేతులు కట్టుకుని ఆకులోని మాటలే మళ్ళీ అందుకున్నాడు. ఏడుగురిలో ముగ్గురు ఇంటికి పోతే ఎందరు మిగులుతారని అడిగాడు. అందరూ ఒక్క గొంతుతో నూట ఇరవై అన్నారు. రాజుగారి మొదటి లెక్కకు జవాబు అదే మరి. నూకాలు గవ్వలు పేర్చి, తీసి, చాలాసేపటికి నలుగురని చెప్పింది.

దండపాణి ఆకును గబగబా పట్టుగుడ్డలో చుట్టేశాడు. అప్పటికే పన్నెండు బళ్ళు తిరిగొచ్చాడు. అన్నిచోట్లా ఇదే ఆకు ఇచ్చాడు, అన్నిచోట్లా గడగడా చదివారు. తనూ ఆకు వంక చూడలేదు, తనకూ అది కంఠతా వచ్చు గనక. పంతుల్ని పక్కకు పిలిచాడు.

"అయ్యా, ఇది బయటపడితే నా కొలువు పోతుంది, నీ కొలువు రాదు. అందరికీ నిండు మార్కులు రాసేస్తాను. ఆ పిల్ల ఇవాళ బడికి రాలేదనుకుందాం."

పంతులు రాజకుమారుల కొలువు తలుచుకున్నాడు. గవ్వలు ఏరుకుంటున్న నూకాలును చూశాడు. ఆ పిల్లను గెంటేయబోయినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"రాయండి," అన్నాడు. "ఈ బడిలో చదవడం వచ్చింది ఒక్క పిల్లకే. లెక్క వచ్చిందీ ఆ పిల్లకే. పంతులికి సున్నా."

ఇద్దరూ ఆకు పట్టుకుని రాజుగారి దగ్గరికి వెళ్ళారు. జరిగింది చెప్పబోతే, రాజు చేయెత్తి ఆపి, ఆకు అందుకుని, కళ్ళకద్దుకుని, మొదటినుంచి చివరిదాకా చదివేశాడు. పంతులు, ప్రభువులు ఒక్కసారి ఆకు చూడాలని వేడుకున్నాడు. రాజు చూశాడు. ఆకు తిరగేసి, మళ్ళీ తిరగేశాడు.

ఆ నెలలోనే కొత్త ఆకులు, కొత్త లెక్కలు బడిబడికీ వెళ్ళాయి. రాజ్యం మొత్తం మీద వచ్చిన మార్కులు రెండే. ఆ రెండూ మొగలిపాడువి. పంతులికే కొలువు ఇస్తానని రాజు కబురు పంపాడు. పంతులు రాలేనన్నాడు. ముప్పై మంది పిల్లల్ని నూకాలు చుట్టూ కూర్చోబెట్టి, ఇసుకలో వేలు పెట్టి మొదటి అక్షరం దిద్దిస్తున్నాడు.

అందుకే పిల్లలూ, గడగడా అప్పజెప్పడం చదువు కాదు. కళ్ళముందున్నది చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పడమే చదువు.