సూరక్క దాచిన ఎరువు

మొక్కజొన్న విత్తిన రోజే ఎరువంతా చేలో చల్లేయాలని దివాను భుజంగరాయుడు హుకుం వేశాడు. దాచినవాళ్ళకు చీకటికొట్టేనని చాటింపు కూడా వేయించాడు. ఆ కొట్లోకి వెళ్ళినవాళ్ళు తమ కాళ్ళతో నడిచి బయటికి రావడం ఊళ్ళో ఎవరూ చూడలేదు. అందుకే అందరూ భయపడి చల్లేశారు. వారం తిరక్కుండా వాన దంచికొట్టి, ఆ ఎరువంతా వాగులో కలిసిపోయింది.

సూరక్క మాత్రం కొంచెమే చల్లి, మిగతాది పశువుల పాకలో గడ్డి కింద దాచింది. భటులు అది పట్టుకుని, ఆమెను దివాను ముందుకు ఈడ్చుకొచ్చారు.

"పంట కోసేదాకా దీన్ని కొట్లో పడేయండి!" అని అరిచాడు దివాను.

సూరక్క చేతులు జోడించింది. "దొరా, ఒక్క మనవి. నాకు రోజూ కూడు పెట్టే శ్రమ మీకెందుకు? పంట కోసేదాకా సరిపడా అంతా ఇవాళే పెట్టేయండి."

దివాను పగలబడి నవ్వాడు. "వెర్రిదానా! ఒక్కపూట ఎంతని తింటావు? మిగిలింది కుళ్ళిపోతుంది. ఆనక ఆకలితో చస్తావు!"

"నా పైరూ అంతే దొరా. మొలకప్పుడు అది తినేది ఎంతని? మోకాలెత్తు పెరిగాక, పొత్తు వేసేటప్పుడు దానికి అసలు ఆకలి. అప్పటికోసమే దాచాను."

దివాను నవ్వు ఆగిపోయింది. భటుల వైపు తిరిగి, "వదిలేయండి" అన్నాడు.

సూరక్క గడప దాటుతుంటే వెనక నుంచి పిలుపు వినిపించింది. "ఆగు!"

ఆమె గడప మీదే ఆగి వెనక్కి తిరిగింది.

దివాను దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మా చేలో చల్లిన ఎరువూ వాగుపాలైంది. నీ దగ్గర ఓ నాలుగు గంపలు మిగులుతాయా?"