ఉద్దండవర్మ గొడుగు

ఒకానొక రాజ్యాన్ని రాజుకన్నా ఆయన అనుమానమే ఎక్కువగా ఏలేది. రాజు పేరు ఉద్దండవర్మ. ఎవరు ఇల్లు కట్టుకున్నా తన నేల కాజేస్తున్నారని ఆయన బెంగ.

అందుకని, అనుమతి ముద్ర లేనిదే గుంజ పాతకూడదన్నాడు. ముద్ర వేసేవాడి మీద అనుమానంతో రెండోవాణ్ణి పెట్టాడు, వాడి మీద అనుమానంతో మూడోవాణ్ణి. అలా ఏడుగురయ్యారు. లక్క ముద్ర కదా, రోహిణి ఎండకు మెత్తబడుతుంది. మెత్తబడితే దొంగముద్రేనని ఏడోవాడు అర్జీని మళ్ళీ మొదటివాడికి పంపేవాడు. లక్క గుణం లక్కది, ఏం చేస్తాం.

నేతగాడు వీరమల్లు ఇంటికప్పు గాలివానకు ఎగిరిపోయింది.

"ఉగాదికి అనుమతి అడిగాను కూచన్నగారూ, ఆషాఢం వచ్చేసింది," అన్నాడు కొలువులోని హాస్యగాడితో. "మగ్గం గుంటలోకి నీళ్ళు దిగితే మేమంతా పస్తే."

కూచన్న తల పంకించాడు. ఏడు ముద్రల్లో ఏదీ వానకంటే ముందు రాదని అతనికి తెలుసు.

మర్నాడు రాజే కూచన్ననూ భటులనూ వెంటబెట్టుకుని సాలెవీధికి తనిఖీకి వచ్చాడు, దొంగ కట్టడాలు పట్టుకుందామని. వీరమల్లు మగ్గం చుట్టూ నాలుగు కర్రలు పాతి, పైన తాటాకు చాప కప్పి ఉంచాడు.

"ఇదేమిటి?"

"చాప, దొరా."

"చాపా? కింద కర్ర, పైన కప్పు, నీడన మనిషి. కట్టడమే. పీకేయండి."

భటులు చెయ్యి వేసేలోపు చినుకులు మొదలయ్యాయి. సేవకుడు శ్వేతచ్ఛత్రం విప్పబోయాడు. కూచన్న దాని కాడ గట్టిగా పట్టుకున్నాడు.

"వదులు," అన్నాడు రాజు.

"ఎలా వదులుతాను ప్రభూ? కింద కర్ర, పైన కప్పు, నీడన తమరు. ఏడు ముద్రలూ పడ్డాయా?"

"నన్నే అనుమానిస్తావా?"

"తమ దగ్గర నేర్చిందే. ఇప్పుడు అర్జీ పెడితే కార్తీకానికి విప్పుకోవచ్చు."

వాన దంచింది. కిరీటం మీంచి మీసాల్లోకి, మీసాల్లోంచి పట్టుబట్టల్లోకి నీరు కారింది. రాజు వీరమల్లు చాప వంక చూశాడు. దాని కింద మగ్గం పొడిగా ఉంది. వంగి, తానూ అక్కడే దూరాడు.

"కొంచెం జరగవయ్యా," అన్నాడు వీరమల్లుతో. కాసేపటికి ఆయనకే నవ్వొచ్చింది, పొట్ట కదిలేలా.

ఆ చాప కిందే ఆజ్ఞ వెలువడింది: ఇక ఒక్కటే ముద్ర. వారం రోజుల్లో పడకపోతే పడినట్టే లెక్క. వీరమల్లుకు ఆ రోజే అనుమతి దొరికింది.

రాజు తన గొడుగును కూచన్నకు బహుమానంగా ఇచ్చాడు. కూచన్న దాన్ని తిరగేసి, కాడ పొడుగునా తడుముతూ ఉండిపోయాడు.

"ఏం వెతుకుతున్నావు?"

"ముద్ర ఉందేమోనని, ప్రభూ. మళ్ళీ తమరే పట్టుకుంటే?"

రాజు మళ్ళీ నవ్వి, వేలికున్న రాజముద్ర ఉంగరం తీసి దానికి కట్టాడు.

కూచన్న అప్పుడే గొడుగు విప్పాడు.