నక్క వేసిన లెక్క

నల్లమలలో ఎండలు ముదిరేసరికి తాగడానికి రెండే చోట్లు మిగిలాయి. ఒకటి బండ్లదారి పక్కనున్న సిమెంటు తొట్టి. రెండోది గండిలోని చెలమ. తొట్టి దగ్గర మద్దిచెట్టుకు మనుషులు ఒక పెట్టె కట్టి పోయారు. దానికి ఒంటికన్ను. ఎదురుగా ఏది కదిలినా టక్కుమంటుంది.

"అది లెక్కల పెట్టె, పొడలక్కా," అంది నక్క, మందలో పెద్దదైన దుప్పితో. "ఎన్ని తలలున్నాయో రాసుకుంటోంది. సంతలో మేకల్ని ఎందుకు లెక్కపెడతారు? ముద్దుచేయడానికా?"

పొడలి తన బిడ్డను ఒంటికి ఆనించుకుంది. అది పుట్టి ఇరవై రోజులు కాలేదు.

"మరి నీళ్లో?"

"గండి ఉందిగా. దారి ఇరుకే, కానీ ఏ కన్నూ లేదు."

నక్క వినయాలు ఊరికే రావు. అయినా మంద గండికి మళ్లింది. మొదటిరోజు ఒక పిల్ల తిరిగి రాలేదు. మర్నాడు ఇంకోటి. చిరుతై ఉంటుందనుకున్నాయి. ఏ తల్లీ గట్టిగా ఏడవలేదు. ఏడిస్తే వినేవాళ్లుంటారని భయం.

పెట్టె గురించి పొడలి తాబేలు తాతను అడిగింది. తాత డిప్ప అంచున చిన్న గంటు ఉంది.

"పోయినేడు మనుషులు నన్ను పట్టుకుని ఈ గంటు పెట్టి వదిలేశారే. ఈ ఏడు మళ్లీ దొరికాను. దొరికినవాటిలో గంటున్నవెన్ని, లేనివెన్ని చూసుకుని, అడవి మొత్తంలో ఎందరముంటామో అంచనా కట్టారు. కూర వండుకోలేదు."

"నీది రాతి ఒళ్లు తాతా. మాది మెత్తన."

భయం పోలేదు.

తెల్లారి నక్క మళ్లీ ఎదురొచ్చింది. "ఇంకా బయల్దేరలేదేం? ఏడుగురు పసివాళ్లూ దాహంతో మాడిపోతున్నారు. మొన్నటికి తొమ్మిదిమంది, పాపం!"

పొడలి చెవులు నిక్కాయి. ఏ తల్లైనా తన పిల్లనే చూసుకుంటుంది. మొత్తం ఎన్నో మందలో ఎవరికీ తెలియదు.

"నక్కన్నా, మా పిల్లల్ని ఇంత బాగా లెక్కపెట్టిందెవరు?"

నక్క ఒకడుగు వెనక్కి వేసింది. "ఏదో... అభిమానం కొద్దీ..."

"సరే, నువ్వు ముందు పద. వెనకే వస్తాం."

నక్క గండిలోకి దిగి, అలవాటైన పొదలో నక్కింది. పొడలి మందను తొట్టివైపు తిప్పింది. పెట్టె దగ్గరికి రాగానే బిడ్డను పక్కకు నెట్టి, ఆ కంటికి తనే అడ్డం నిలబడింది. టక్కు. కళ్లు మూసుకుంది. టక్కు, టక్కు. తెరిచేసరికి బిడ్డ నీళ్లలో మూతి పెట్టి ఉంది. ఏడు పిల్లలూ ఉన్నాయి. ఈసారి పొడలే లెక్కపెట్టుకుంది.

నక్క పొద్దు వాలేదాకా కాచి, కడుపు వీపుకంటుకున్నాక తొట్టి దగ్గరికొచ్చింది. పెట్టె టక్కుమంది. ఎగిరి ముళ్లకంపలో పడింది నక్క. ఆ అబద్ధం చెప్పీ చెప్పీ తనే నమ్మింది మరి!

"ఒకటి," అని లెక్కపెట్టింది తొట్టి పక్కనున్న తాబేలు తాత.

లెక్కపెట్టేవాణ్ని చూసి జడిసేముందు, ఎందుకు లెక్కపెడుతున్నాడో చూసుకోవాలి.